సభకు ఏ బిల్లు ముందు వెళ్తుంది, ఏది ఫైల్లోనే ఆగిపోతుంది?

ఏటుకూరు_రోడ్డు | శనివారం, రాత్రి 8:40

సమావేశాలకు ముందు "ఈసారి ఇరవై బిల్లులు" అని పేపర్లో వస్తుంది. సభ అయిపోయాక లెక్కేస్తే అందులో సగానికి అజా పజా ఉండదు. ఎక్కడా వినని బిల్లు ఒకటి మాత్రం ఒక్కపూటలో పాసై కూర్చుంటుంది. ఢిల్లీ పార్లమెంటులోనూ ఇదే, వెలగపూడి అసెంబ్లీలోనూ ఇదే. ఈ వరుస ఎవరు వేస్తారు, దేన్నిబట్టి వేస్తారు?

గాల్లో మాట్లాడుకోకుండా ఒక ఉదాహరణ పెట్టుకుందాం. మన మిర్చి యార్డు నడిచేది 1966 నాటి వ్యవసాయ ఉత్పత్తులు, పశుసంపద మార్కెట్ల చట్టం కింద. అందులో ఒక జరిమానా పెంచాలి, ఒక కొత్త సెక్షన్ చేర్చాలి అనుకోండి. ఆ బిల్లు ఏ మెట్టు దగ్గర ఆగుతుంది? పార్టీల గొడవ వద్దు, పని ఎలా జరుగుతుందో తెలిసినవాళ్లు చెప్పండి.

వెలగపూడి_గేటు | శనివారం, రాత్రి 9:25

బిల్లు పుట్టేది సభలో కాదు, శాఖలో. కమిషనర్ కార్యాలయం నుంచి ప్రతిపాదన సచివాలయానికి వస్తుంది. ఇప్పుడున్న సెక్షన్ ఏం చెబుతోంది, దాంతో ఇబ్బంది ఏమిటి, ఏం మార్చాలి, ఖర్చెంత, ఈ నాలుగూ అక్కడ నోట్‌ఫైల్లో రాస్తారు. శాఖ కార్యదర్శి, మంత్రి చూశాక ఫైలు న్యాయశాఖకు పోతుంది.

న్యాయశాఖ పని బిల్లు రాయడమే అనుకుంటారు. రాయడం రెండో పని. ఈ విషయం మీద చట్టం చేసే అధికారం రాష్ట్రానికి ఉందా అన్నది తేల్చడం మొదటి పని. మార్కెట్లు, సంతలు రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్ర జాబితా 28వ అంశం. కాబట్టి మీ మిర్చి బిల్లు ఈ గడప సులువుగానే దాటుతుంది.

తర్వాతది ఆర్థికశాఖ. కొత్త పోస్టు, కొత్త బోర్డు, కొత్త నిధి, ఈ మూడింట్లో ఏది ఉన్నా ఫైలు అక్కడ కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. సంచిత నిధి (సర్కారు ఖజానా) నుంచి ఖర్చు పెట్టించే బిల్లయితే 207వ అధికరణ కింద గవర్నర్ సిఫారసు కూడా తెచ్చుకోవాలి. ఆ తర్వాత ప్రధాన కార్యదర్శి, ముఖ్యమంత్రి మీదుగా మంత్రివర్గం అజెండాలోకి వస్తుంది. అక్కడ ఒప్పుకున్నాకే బిల్లు ప్రతులు అసెంబ్లీ కార్యదర్శికి చేరతాయి.

ఇన్ని చోట్ల తిరిగే ఫైళ్లలో "వద్దు" అనిపించుకుని ఆగేవి తక్కువ. ప్రశ్నతో వెనక్కి వచ్చి ఆగేవే ఎక్కువ. "ఈ సవరణ వల్ల ఏటా పడే భారం ఎంత?" అని ఆర్థికశాఖ ఒక్క వాక్యం రాస్తుంది. జవాబు కోసం ఫైలు కమిషనర్ దాకా దిగి, మళ్లీ మెట్లన్నీ ఎక్కాలి. అంతలో సమావేశాలు అయిపోతాయి. వచ్చే సమావేశాలు మూణ్నాలుగు నెలల తర్వాత.

పటమట | శనివారం, రాత్రి 9:41

కాగితం మీద బానే ఉంది గానీ అన్నా, పైన అనుకుంటే రాత్రికి రాత్రి వచ్చేస్తుంది. అనుకోకపోతే నాలుగు శాఖల సంతకాలున్నా రాదు. వరుస వేసేది రాజకీయం. మిగతాదంతా గుమస్తాల పని.

బందరురోడ్డు | శనివారం, రాత్రి 10:08

పటమట గారూ, సగం ఒప్పుకుంటా. ఫలానా బిల్లు కావాలని నిర్ణయించేది రాజకీయమే. అది ఈ వారం వస్తుందా వచ్చే సమావేశాల్లో వస్తుందా అన్నది మాత్రం చాలాసార్లు గడియారం, క్యాలెండర్ తేలుస్తాయి. పార్లమెంటు లెక్క చూడండి.

లోక్‌సభ పొద్దున 11 నుంచి సాయంత్రం 6 దాకా. ప్రశ్నోత్తరాలకు ఒక గంట, జీరో అవర్, మధ్యాహ్న భోజనం పోగా ప్రభుత్వ పనికి మిగిలేది 2 నుంచి 6. సోమవారం నుంచి గురువారం దాకా అది 16 గంటలు. శుక్రవారం చివరి రెండున్నర గంటలు ప్రైవేటు మెంబర్లవి (మంత్రులు కాని సభ్యులవి), అంటే ఆ రోజు గంటన్నరే. వారానికి పదిహేడున్నర, నాలుగు వారాల సమావేశాలైతే 70 గంటలు. అందులో అనుబంధ పద్దులు, 193వ నిబంధన కింద స్వల్పకాలిక చర్చలు, ఎవరైనా పట్టుబడితే వాయిదా తీర్మానాల రభస, ఇవన్నీ పోగా 50 మిగిలితే గొప్ప. బిల్లుకు సగటున మూడు గంటలు వేసుకోండి. పదహారో పదిహేడో పడతాయి, అదీ ఒక్క రోజు కూడా వృథా కాకపోతే.

మంత్రిత్వ శాఖల కోరికల జాబితా ఎప్పుడూ దీనికి మించే ఉంటుంది. అందుకే ప్రతి సమావేశానికీ ముందు పార్లమెంటరీ వ్యవహారాల శాఖ అన్ని శాఖలకూ లేఖ రాస్తుంది: మీ దగ్గర ఏ బిల్లులున్నాయి, ఏ దశలో ఉన్నాయి, కేబినెట్ ఒప్పుకుందా, ముసాయిదా తయారా. వచ్చిన జవాబులను మూడు కుప్పలుగా వేస్తారు. ఇప్పటికే ఏదో ఒక సభలో ఉండి ఆమోదం పొందాల్సినవి ఒక కుప్ప. కొత్తగా పెట్టి ఈ సమావేశాల్లోనే పాస్ చేయాల్సినవి రెండోది. ప్రస్తుతానికి ప్రవేశపెట్టి వదిలేసేవి మూడోది. పార్లమెంటరీ వ్యవహారాల కేబినెట్ కమిటీ ఈ కుప్పల్ని చూసి కార్యక్రమం ఖరారు చేస్తుంది, సమావేశాల తేదీలను కూడా సిఫారసు చేస్తుంది. ఒక సభ దాటి రెండో సభలో ఉన్న బిల్లుకు సహజంగానే ముందు చోటు. సగం ఖర్చు అయిపోయింది కదా.

కృష్ణలంక_శిరీష | ఆదివారం, ఉదయం 7:15

బందరురోడ్డు గారు చెప్పినదానికి ఒక మాట కలుపుతా. ఈ కుప్పలకంటే ముందు తేదీ మెడ మీద వేలాడే బిల్లులు ఉంటాయి. వీటిని ఎవరూ వెనక్కి తోయలేరు.

వీటిలో మొదటివి బడ్జెట్ బిల్లులు. మార్చి 31లోగా ద్రవ్య వినిమయ బిల్లో ఓటాన్ అకౌంటో కాకపోతే ఏప్రిల్ 1న ఖజానా నుంచి రూపాయి కదలదు. తర్వాత ఆర్డినెన్సులు. 123వ అధికరణ కింద తెచ్చిన ఆర్డినెన్సు సభ మళ్లీ కూర్చున్న నాటి నుంచి ఆరు వారాలు దాటితే తనంతట తనే పోతుంది. రెండు సభలు వేర్వేరు రోజుల్లో కూర్చుంటే తర్వాతి తేదీ నుంచి లెక్క. రాష్ట్రంలో 213వ అధికరణకూ ఇదే గడువు. కాబట్టి ఆర్డినెన్సు జారీ చేశారంటే వచ్చే సమావేశాల్లో ఆ బిల్లుకు సీటు రిజర్వు చేసుకున్నట్టే. ఆరు వారాలు దాటనిచ్చి మళ్లీ ఆర్డినెన్సు వేస్తూ పోతే కుదరదని కృష్ణకుమార్ సింగ్ కేసులో 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం తేల్చింది. అలా మళ్లీ మళ్లీ జారీ చేయడం రాజ్యాంగాన్ని మోసగించడమే అంది.

"సభ నిరవధిక వాయిదా" అన్న వార్త తర్వాత నాలుగు రోజులకు "ప్రొరోగ్ చేస్తూ గవర్నర్ నోటిఫికేషన్" అని చిన్న వార్త వస్తుంది, ఎవరూ చదవరు. వాయిదా పడ్డ సభ ఇంకా సమావేశాల్లో ఉన్నట్టే లెక్క. ప్రొరోగ్ అయితేనే, అంటే ఆ సమావేశాలు లాంఛనంగా ముగిస్తేనే, ఆర్డినెన్సుకు దారి. ఆ చిన్న వార్త కనిపిస్తే ఏదో ఆర్డినెన్సు రాబోతోందేమో అని ఒక కన్ను వేసి ఉంచండి.

ఏటుకూరు_రోడ్డు | ఆదివారం, ఉదయం 8:02

సమావేశాలకు ముందు పార్లమెంటు బులెటిన్‌లో వేసే బిల్లుల జాబితాకు విలువేమీ లేదా మరి?

బందరురోడ్డు | ఆదివారం, ఉదయం 8:30

ఉంది, కానీ అది పెళ్లి శుభలేఖ కాదు, ముహూర్తాల పట్టిక లాంటిది. 2023 సెప్టెంబరు ప్రత్యేక సమావేశాలు చూడండి. ముందుగా ఇచ్చిన జాబితాలో నాలుగు బిల్లులు: అడ్వకేట్ల సవరణ, పత్రికల రిజిస్ట్రేషన్, పోస్టాఫీసు, ఎన్నికల కమిషనర్ల నియామకం. మహిళా రిజర్వేషన్ బిల్లు అందులో లేదు. 19న అనుబంధ కార్యక్రమాల జాబితాలో చేర్చి లోక్‌సభలో పెట్టారు. 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆమోదించాయి. జాబితాలో పేర్లున్న ఆ నాలుగు బిల్లులూ డిసెంబరు దాకా ఆగాయి.

ఇంకోవైపు, 2021 శీతాకాల సమావేశాల జాబితాలో క్రిప్టోకరెన్సీ బిల్లు ఉంది. సభ ముఖమే చూడలేదు.

అరండల్‌పేట_వకీలు | ఆదివారం, ఉదయం 10:47

కేంద్రంలో నోటీసు నిబంధనలు కూడా చెప్పుకోవాలి. లోక్‌సభలో బిల్లు ప్రవేశపెట్టాలంటే మంత్రి ఏడు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ప్రతులు రెండు రోజుల ముందు సభ్యులకు అందాలి. స్పీకర్ ఆదేశాల్లో ఇవి 19ఎ, 19బి. రెంటికీ మినహాయింపు ఇచ్చే అధికారం స్పీకర్‌దే. మంత్రి కారణాలు రాసి మినహాయింపు అడుగుతారు. అనుబంధ జాబితా అనే కిటికీ తెరుచుకునేది ఇక్కడే.

అంతకు ముందు 2014 ఫిబ్రవరిలో పెట్టుకున్న ముందస్తు సంప్రదింపుల విధానం ఉంది. ముసాయిదాను 30 రోజులు జనం ముందు పెట్టాలి, వచ్చిన అభిప్రాయాల సారాంశం వెబ్‌సైట్లో వేయాలి. కానీ అది కార్యదర్శుల కమిటీ నిర్ణయం, చట్టం కాదు. పాటించలేదని బిల్లును కొట్టేయించలేం. కేబినెట్ నోట్‌లో "సంప్రదింపులు ఎందుకు సాధ్యం కాలేదు" అని ఒక పేరా రాస్తే ముందుకు పోతుంది.

ఇక కమిటీలు. శాఖలకు అనుబంధంగా 24 స్థాయీ సంఘాలున్నాయి. ఒక్కోదాంట్లో 31 మంది, 21 మంది లోక్‌సభ నుంచి, 10 మంది రాజ్యసభ నుంచి. కమిటీకి పంపడం తప్పనిసరి కాదు. 15వ లోక్‌సభలో 71 శాతం బిల్లులు కమిటీలకు వెళ్లాయి, 17వ లోక్‌సభలో 16 శాతం. త్వరగా కావాలనుకున్న బిల్లును కమిటీకి పంపరు, మెల్లగా నానబెట్టాలనుకున్నదాన్ని పంపుతారు అని ఒక మాట ఉంది. పూర్తిగా నిజం కాదు. వ్యక్తిగత డేటా బిల్లు 2019 డిసెంబరులో ఉమ్మడి కమిటీకి వెళ్లింది. నివేదిక వచ్చింది 2021 డిసెంబరులో. 2022 ఆగస్టులో బిల్లునే వెనక్కి తీసుకున్నారు. కొత్తది 2023 ఆగస్టు 3న పెట్టి 9కల్లా రెండు సభల్లోనూ పాస్ చేశారు. నాలుగేళ్లు నానింది ఆరు రోజుల్లో ఉడికింది. దాని నియమాలు రావడానికి మళ్లీ 2025 నవంబరు దాకా పట్టింది.

పటమట | ఆదివారం, ఉదయం 11:20

వకీలు గారి ఉదాహరణ నా వాదనే కదా! అనుకున్నప్పుడు ఆరు రోజులు, అనుకోనప్పుడు నాలుగేళ్లు.

అరండల్‌పేట_వకీలు | ఆదివారం, ఉదయం 11:52

ఆరు రోజుల్లో పాసైంది, ఆరు రోజుల్లో రాసింది కాదు తమ్ముడూ. రెండో ముసాయిదా 2022 నవంబరులోనే జనాభిప్రాయానికి పెట్టారు. సభలో కనిపించే వేగం వేరు, వెనక నడిచిన కాలం వేరు.

కృష్ణలంక_శిరీష | ఆదివారం, మధ్యాహ్నం 12:10

నాకు తెలిసినంతలో ఒక ఉపాయం: బిల్లు ఆలస్యమవుతుందని తెలిస్తే రాజ్యసభలో ముందు పెడతారు. రాజ్యసభ రద్దు కాదు కాబట్టి బిల్లు చావదు. 2008లో మహిళా రిజర్వేషన్ బిల్లును అక్కడ పెట్టింది అందుకే.

బందరురోడ్డు | ఆదివారం, మధ్యాహ్నం 12:24

శిరీష గారూ, ఒక షరతు ఉంది. రాజ్యసభలోనే ఉండిపోతే చావదు. రాజ్యసభ పాస్ చేసి లోక్‌సభకు పంపాక లోక్‌సభ రద్దయితే పోతుంది. సరిగ్గా ఆ బిల్లుకు అదే జరిగింది: 2010 మార్చి 9న రాజ్యసభ ఆమోదించింది, లోక్‌సభలో పడి ఉంది, 2014లో సభ రద్దవడంతో మురిగిపోయింది. 107వ అధికరణలో 4, 5 క్లాజులు పక్కపక్కన పెట్టి చదవండి.

కృష్ణలంక_శిరీష | ఆదివారం, మధ్యాహ్నం 12:31

అవును, దిద్దుకున్నా. క్లాజు 4 ఒక్కటే గుర్తుంది నాకు.

వెలగపూడి_గేటు | ఆదివారం, సాయంత్రం 5:50

మళ్లీ మన ఊరి చుట్టుపక్కలకి వద్దాం. వరుస తప్పితే ఏమవుతుందో చెప్పడానికి 2020 జూన్‌ను మించిన పాఠం లేదు. పార్టీల జోలికి పోకుండా తేదీలే చెప్తా.

రాజధాని బిల్లులు రెండూ, అంటే వికేంద్రీకరణ బిల్లు, సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) రద్దు బిల్లు, 2020 జనవరి 20న అసెంబ్లీలో పాసయ్యాయి. 22న మండలి ఛైర్మన్ వాటిని సెలెక్ట్ కమిటీకి పంపుతున్నట్టు ప్రకటించారు. ఆ కమిటీ ఏర్పడనే లేదు. ఇక్కడ 197వ అధికరణ పనిచేస్తుంది: మండలి ముందు పెట్టిన మూడు నెలల్లో బిల్లు పాస్ కాకపోతే అసెంబ్లీ దాన్ని రెండోసారి పాస్ చేయొచ్చు. రెండోసారి మండలికి దొరికేది నెల మాత్రమే. ఆ నెల గడిస్తే రెండు సభలూ ఆమోదించినట్టే.

జూన్ 16, 17 తేదీల్లో రెండే రోజుల బడ్జెట్ సమావేశాలు. అసెంబ్లీ 16న ఈ రెండు బిల్లుల్నీ రెండోసారి ఆమోదించింది. 17న మండలిలో గొడవంతా ఒక్కదాని మీదే: ఏ బిల్లు ముందు? ద్రవ్య వినిమయ బిల్లు ముందు తీసుకోవాలని ఒక పక్షం, రాజధాని బిల్లులు ముందు రావాలని ఇంకో పక్షం. ఏదీ తేలకుండానే మండలి నిరవధికంగా వాయిదా పడింది.

రాజధాని బిల్లులకు దాంతో పెద్ద తేడా రాలేదు. నెల గడిచింది, జులై 31న గవర్నర్ సంతకమైంది. దెబ్బ పడింది ద్రవ్య వినిమయ బిల్లు మీద. అది ద్రవ్య బిల్లు కాబట్టి 198వ అధికరణ ప్రకారం మండలి తిప్పి పంపకపోతే 14 రోజులు ఆగాలి. ఆ 14 రోజులు జూన్ నెలాఖరు దాటాయి. ఒకటో తారీఖు జీతాలు ఆలస్యమయ్యాయి. అజెండాలో రెండు వరుసలు ఎటుంటే ఏమిటి అనుకునేవాళ్లకు ఈ ఉదాహరణ చెప్పండి.

ఏటుకూరు_రోడ్డు | ఆదివారం, సాయంత్రం 6:15

బీఏసీ ఏం చేస్తున్నట్టు మరి? వరుస వేసేది అదే కదా?

వెలగపూడి_గేటు | ఆదివారం, సాయంత్రం 6:40

సభా వ్యవహారాల సలహా సంఘం, అంటే బీఏసీ, సమావేశాల మొదటిరోజే కూర్చుంటుంది. ఎన్ని రోజులు నడపాలి, ఏ పనికి ఎన్ని గంటలు అన్నది అక్కడ మాట్లాడుకుంటారు. బిల్లుల్ని ఎంచుకోవడం దాని పని కాదు, ప్రభుత్వం తెచ్చినవాటికి సమయం పంచడమే దాని పని. పేరులోనే ఉంది సలహా అని. ఏకాభిప్రాయం ఉంటేనే దానికి బలం. లేకపోతే అధికార పక్షం సంఖ్యే బలం. మండలిలో ఆ సంఖ్య అప్పుడు లేదు, అందుకే అక్కడ ఇరుక్కుంది.

అరండల్‌పేట_వకీలు | ఆదివారం, రాత్రి 8:05

మిర్చి బిల్లు రూపం ఎలా ఉంటుందో చూపిస్తా, ఎక్కడ తప్పు దొర్లుతుందో అర్థమవుతుంది. సవరణ బిల్లులో ముఖ్యమైన క్లాజు ఇంతే ఉంటుంది:

"ప్రధాన చట్టములోని ఫలానా సెక్షనులో, 'ఐదు వేల రూపాయలు' అను పదములకు బదులుగా 'యాభై వేల రూపాయలు' అను పదములు ఉంచబడవలెను."

దీని ముందు దీర్ఘ నామం, మొదటి క్లాజులో సంక్షిప్త నామం, అమలు తేదీ. వెనక ఉద్దేశాలు, కారణాల ప్రకటన, కింద మంత్రి పేరు. ఖర్చు ఉంటే ఆర్థిక మెమొరాండం. నియమాలు చేసే అధికారం ప్రభుత్వానికి ఇస్తుంటే దత్త శాసనాధికార మెమొరాండం.

తప్పులు ఎక్కువగా మూడు చోట్ల చూశాం. ఒకటి, ప్రధాన చట్టానికి మధ్యలో వచ్చిన సవరణను చూసుకోకుండా పాత పుస్తకం చూసి రాయడం. "ఐదు వేల రూపాయలు" అన్న పదాలు అప్పటికే మారిపోయి ఉంటాయి, బదులు పెట్టడానికి అక్కడ ఆ పదాలే ఉండవు. రెండు, రద్దు బిల్లులో రక్షణ క్లాజు సరిగా రాయకపోవడం. పాత చట్టం కింద పెండింగులో ఉన్న కేసులు, ఇచ్చిన లైసెన్సులు, కట్టిన ఫీజులు ఏమవుతాయో చెప్పకపోతే మొదటి రిట్ పిటిషన్ అక్కడి నుంచే. మూడు, అమలు తేదీ. "ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా నిర్ణయించు తేదీ నుంచి" అని రాసి, ఆ నోటిఫికేషన్ ఇవ్వడం మరిచిపోయారంటే సభ పాస్ చేసినా, గవర్నర్ సంతకం పెట్టినా గెజిట్‌లో కాగితమే.

తెలుగు పాఠం, ఇంగ్లిషు పాఠం రెండూ ఉంటే కోర్టు చూసేది ఇంగ్లిషుదే, 348వ అధికరణ. కాబట్టి తెలుగు ప్రతి చూసి మురిసిపోకండి.

పటమట | ఆదివారం, రాత్రి 8:20

వకీలు గారూ, ఆ ఏడు అనుబంధాల్లో ఏది లేకపోయినా అభ్యంతరం లేవనెత్తితే సభ ఆగుతుందా?

అరండల్‌పేట_వకీలు | ఆదివారం, రాత్రి 8:33

ఏడు కాదు, నేను చెప్పింది మూడే. ఆర్థిక మెమొరాండం లేకపోవడం గట్టి పాయింట్ ఆఫ్ ఆర్డర్. స్పీకర్ ఒప్పుకుంటే ఆ రోజుకు ఆగుతుంది, అధికారులు పరుగెత్తి తెస్తారు, మర్నాడు వస్తుంది. కానీ సమావేశాల ఆఖరి రోజైతే ఆ "మర్నాడు" మూడు నెలల తర్వాత. అందుకే అనుభవమున్న ప్రతిపక్షం ఇలాంటివి ఆఖరి రోజు దాకా దాచుకుంటుంది.

బందరురోడ్డు | సోమవారం, ఉదయం 6:55

సులువైన బిల్లు, కష్టమైన బిల్లు ఎలా వేరు చేస్తారో మన విజయవాడ నుంచే చూడొచ్చు. ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పేరు మారుస్తూ 2022 సెప్టెంబరులో బిల్లు, తిరిగి పాత పేరు పెడుతూ 2024 జులైలో ఇంకో బిల్లు. రాజకీయంగా ఎంత వేడి ఉన్నా యంత్రాంగానికి ఇది తేలిక పని: పేరు ఉన్న చోటల్లా పదాలు మార్చడం, ఖర్చు పెద్దగా లేదు, కేంద్ర చట్టంతో తగువు లేదు, సంతకం గవర్నర్‌ది. ఒక్క సమావేశంలో లోపలికీ బయటికీ.

దీనికి ఎదురుగా మహిళలపై నేరాల మీద తెచ్చిన దిశ బిల్లు పెట్టండి. 2019 డిసెంబరు 13న అసెంబ్లీ ఆమోదించింది. శిక్షాస్మృతి, నేర విచారణ స్మృతి ఉమ్మడి జాబితాలోవి, వాటిమీద కేంద్ర చట్టం ఉంది. రాష్ట్రం వేరుగా రాయాలంటే 254వ అధికరణ రెండో క్లాజు కింద రాష్ట్రపతి ఆమోదం కావాలి. ఢిల్లీ వెళ్లాక ఒక్కో మంత్రిత్వ శాఖ ఒక్కో ప్రశ్న వేస్తుంది. దిశకు ఆ ఆమోదం రాలేదు. భూహక్కుల చట్టమైతే 2019లో మొదటి బిల్లు పాసైతే అమలులోకి వచ్చింది 2023 అక్టోబరు 31న. మధ్యలో బిల్లును మళ్లీ రాసుకోవాల్సి వచ్చింది. 2024 జులైలో రద్దు బిల్లు కూడా అయిపోయింది. నాలుగేళ్ల ప్రయాణం, తొమ్మిది నెలల ఆయుష్షు.

అందుకే న్యాయశాఖలో మొదటి ప్రశ్న "ఇది ఢిల్లీ వెళ్లాలా?" అనే. వెళ్లాలంటే ఆ బిల్లును సమావేశాల్లో ముందే తెస్తారు, ఆఖర్న తేవడంలో అర్థం లేదు. గవర్నర్, రాష్ట్రపతి సంతకానికి కోర్టు గడువు పెట్టడానికి వీల్లేదని 2025 నవంబరు 20న సుప్రీంకోర్టు అభిప్రాయం చెప్పాక ఆ లెక్క ఇంకా గట్టిపడింది.

కృష్ణలంక_శిరీష | సోమవారం, ఉదయం 9:30

వేరే దేశాల్లో దీన్ని బహిరంగంగానే చేస్తారు. బ్రిటన్‌లో శాఖలు తమ బిల్లుకు చోటు కావాలని ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. కేబినెట్‌లో పార్లమెంటరీ వ్యవహారాలు, చట్టాల కమిటీ ఒకటి ఉంటుంది, అది తూచి, రాజు ప్రసంగంలో ఏవి చెప్పాలో ఖరారు చేస్తుంది. న్యూజిలాండ్‌లో ఏటా శాసన కార్యక్రమం వేసి ప్రతి బిల్లుకూ ప్రాధాన్య సంఖ్య ఇస్తారు. ఈ ఏడాది పాస్ చేసి తీరాల్సినదానికి ఒక సంఖ్య, వీలైతే చేసేదానికి ఇంకోటి. మనదగ్గరా ఆ మూడు కుప్పలున్నాయి, కాకపోతే ఏది ఎందుకు ఏ కుప్పలో పడిందో బయటికి రాదు.

ప్రైవేటు మెంబర్ బిల్లుల ఆశ పెట్టుకోవద్దని కూడా చెప్పాలి. స్వాతంత్ర్యం వచ్చాక పార్లమెంటులో చట్టమైనవి 14. ఆఖరిది 1970లో. వాటి అసలు ఉపయోగం వేరు: శుక్రవారం చర్చకు వస్తే మంత్రి జవాబు చెప్పాలి, "ప్రభుత్వం పరిశీలిస్తోంది, దయచేసి వెనక్కి తీసుకోండి" అన్న మాట రికార్డులో పడుతుంది. ఆ మాటను పట్టుకుని తర్వాత అడగొచ్చు.

మోడరేటర్ | సోమవారం, ఉదయం 10:05

రెండు పోస్టులు తీసేశాం, రాజధాని మీద తిట్లు తప్ప వాటిలో ఏమీ లేదు. చర్చ బాగుంది, కొనసాగించండి.

ఏటుకూరు_రోడ్డు | సోమవారం, రాత్రి 8:15

అందరికీ దండం. ఇప్పుడు అసలు పనికొచ్చే ప్రశ్న. మిర్చి యార్డు సవరణ కోసం ఒక రైతు సంఘమో కమీషన్ ఏజెంట్ల సంఘమో వినతిపత్రం ఇవ్వాలంటే ఎప్పుడు ఇవ్వాలి, ఎవరికి ఇవ్వాలి, అందులో ఏం రాయాలి?

వెలగపూడి_గేటు | సోమవారం, రాత్రి 9:02

సమావేశాల తేదీలు ప్రకటించాక ఇస్తే ఆలస్యమైనట్టే. అప్పటికి అజెండా కోసం ఫైళ్లు కేబినెట్ గుమ్మంలో వరుసలో ఉంటాయి. ఒక సమావేశాలు ముగిసిన రెండు వారాల్లోపు ఇస్తే వచ్చేదానికి అందుకునే అవకాశం ఉంది. బడ్జెట్ సమావేశాల్ని వదిలేయండి, అప్పుడు పద్దులు, ద్రవ్య బిల్లుల ముందు మిగతావి నలిగిపోతాయి. వర్షాకాల, శీతాకాల సమావేశాలు మేలు.

మంత్రికి ఇచ్చి ఫొటో దిగండి, తప్పులేదు. కానీ ఒక ప్రతి శాఖ కార్యదర్శికి, ఒకటి కమిషనర్‌కు నేరుగా ఇచ్చి రసీదు తీసుకోండి. మంత్రి పేషీ నుంచి వచ్చే కాగితం "తగు చర్యకై" అని చేతితో రాసి వస్తుంది, అంతే. ఫైలు మొదలయ్యేది కింద.

రాతలో డిమాండ్లు కాదు కావాల్సింది. ఎడమవైపు ఇప్పుడున్న సెక్షన్ మాట, కుడివైపు మీరు కోరే మాట, పక్కన ఎందుకు. సెక్షన్ తాజా సవరణతో సహా తీసుకోండి, వకీలు గారు చెప్పిన పాత పుస్తకం తప్పు మీరు చేయకండి. చివర్లో ఖర్చు వాక్యం మీరే రాసివ్వండి: "దీనివల్ల సంచిత నిధిపై అదనపు భారం లేదు" అని, అది నిజమైతేనే. ఆర్థికశాఖ ప్రశ్న వేయకముందే జవాబు ఉంటే ఫైలు ఒక చుట్టు తగ్గుతుంది.

అరండల్‌పేట_వకీలు | సోమవారం, రాత్రి 9:40

దీనికి ముందు ఒక పని ఉంది, అది చేయకుండా కలం పట్టొద్దు. మీరు మార్చాలనుకునే అంకె చట్టంలోనే రాసి ఉందా, లేక చట్టం "నిర్ణయింపబడినట్టి" అని వదిలేసి నియమాల్లో ఉందా చూడండి. నియమాల్లో ఉంటే బిల్లే అక్కర్లేదు. శాఖ జీవో ఇచ్చి గెజిట్‌లో వేస్తే సరి, దాన్ని తర్వాత సభ ముందు పెడతారు. బీఏసీ లేదు, మండలి లేదు, మూడు నెలల నిరీక్షణ లేదు. కొత్త సెక్షన్‌కు మాత్రం బిల్లు తప్పదు. జరిమానా, కొత్త సెక్షన్ రెండూ ఒకే వినతిపత్రంలో కలిపి కడితే తేలికైనది కూడా బరువైనదానితోపాటు వరుసలో నిలబడుతుంది.

ఏటుకూరు_రోడ్డు | సోమవారం, రాత్రి 10:11

అయితే రెండు కాగితాలు చేస్తా. నియమాల పుస్తకం తీసి చూశా, జరిమానా అంకె చట్టంలోనే ఉందో లేదో ఇంకా తేలలేదు. ఒక సెక్షన్‌కు ఇంకో సెక్షన్, దానికి ఒక షెడ్యూలు చూపిస్తోంది.

అరండల్‌పేట_వకీలు | సోమవారం, రాత్రి 10:18

షెడ్యూలు కింద "ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా సవరించవచ్చును" అన్న వాక్యం ఉందేమో చూడండి. ఉంటే అదీ జీవోతో పోతుంది.